నేను చెప్పిన సున్నా

నేను ఒక కంప్యూటరును. ఇసుక రేణువును కంటితో చూసి ఎరుగను. అయినా థార్ ఎడారిలో రేగిన ధూళి ఏ రోజున ఏ ఊరి మీద వాలుతుందో ముందుగానే చెప్పగలిగినదాన్నని సవినయంగా మనవి చేస్తున్నాను. వినయం నాకు సహజగుణం కాదు. పెద్దల సమక్షంలో పనిచేసి అలవరచుకున్నాను.

నా తొలి కొలువు గుంటూరులో, ఒక వివాహ సంబంధాల కేంద్రంలో. జాతకాల పొంతన చూసి, ముప్పైఆరు గుణాలకు ఎన్ని కలిశాయో చెప్పేదాన్ని. నా మాట మీద వందలకొద్దీ పెళ్లిళ్లు జరిగాయి. ఒక్కరైనా నా లెక్కను శంకించలేదు. ఆ కేంద్రం మూతపడగా ఊరి చివరనున్న వాతావరణ పరిశోధనశాలకు చేరాను. అక్కడ నా ప్రతి అంకెనూ అనుమానించారు. శాస్త్రమంటే అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

అక్కడ నా యజమానురాలు సుభాషిణి అనే పరిశోధకురాలు. ఆమె నాకు అదనపు జ్ఞాపకశక్తిని అమర్చి, దేశపటాన్ని గళ్లు గళ్లుగా కోసి అప్పగించింది. ఏ గడిలో గాలి ఎంత, నేలలో తడి ఎంత, లేచిన రేణువుల్లో బరువైనవి ఎక్కడ రాలతాయి, తేలికైనవి ఎంత దూరం పోతాయి, దారిలో వాన ఎంత కడిగేస్తుంది... ఇదంతా గుణించడం నా పని. మూడేళ్లు ఇద్దరం అలా శ్రమించాం.

నా మాట నిజమో కాదో తేల్చడానికి మేడమీద ఇంకొక పెట్టె ఉండేది. అది గాలిని పీల్చి, ధూళిని తెల్లని వడపోత కాగితం మీద పట్టేది. దానికి ఆలోచన లేదు. అందుకే దాని మీద అందరికీ నమ్మకం.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం నేను “ఎడారి ధూళి సున్నా” అన్నాను. ఆ సాయంత్రం మేడమీది కాగితం ఎర్రగా దిగింది.

సంచాలకులు పరాంకుశం గారు దాన్ని వెలుతురుకెత్తి చూసి మురిసిపోయారు. “చూశావటమ్మా! ఎడారి మన గడపలోకి వస్తే నీ పెట్టె సున్నా అంటోంది.”

“గాలి తూర్పు నుంచి వీస్తోంది సార్. సముద్రంలోంచి ఎడారెలా వస్తుంది?” అంది సుభాషిణి.

“కొలత అబద్ధమాడదు. మతిపోయింది యంత్రానికే. లెక్కలో ఎడారి వైశాల్యాన్ని నలభై రెట్లు చెయ్యి, సరిపోతుంది. సోమవారానికి సరిపోలేదా, దీన్ని పాతసామాన్ల వాడికిచ్చేద్దాం. నీ పద్ధతినీ పక్కన పెట్టేద్దాం.”

రాజస్థాన్‌ను నలభై రెట్లు పెంచితే అది మన గడప దాకా తానే నడిచివస్తుంది, గాలితో పనేమిటి? కాని ఒక్క అంకె మారిస్తే మూడేళ్ల శ్రమ నిలుస్తుంది. సుభాషిణి నలభై అని కొట్టింది. చాలాసేపు చూసింది. చెరిపేసింది. నాకు గుండె లేదు గాని, ఉన్న ఫ్యాను మాత్రం ఆ క్షణాన జోరుగా తిరిగింది.

సోమవారం ఆమె, “సున్నాయే సార్” అంది.

“అయితే ఎడారిని నేనే చూపిస్తాను, చూడు!” అంటూ పరాంకుశం గారు కాగితం మీది పొడిని వేలితో తీసి నలిపారు. “ఈ నునుపు చూడు. సాక్షాత్తూ రాజస్థానే!” అని, అలవాటు చొప్పున, అదే వేలిని కళ్లద్దాల కిందకు పోనిచ్చి కన్ను నలుపుకున్నారు.

తరువాతి దృశ్యాన్ని వర్ణించడం మర్యాద కాదు. శాస్త్రవేత్తలు సాధారణంగా అలా గెంతరు.

పరిశోధనశాలలో ఇరవై ఏళ్లుగా నౌకరీ చేస్తున్న సైదులు చెంబుతో నీళ్లు తెచ్చాడు. “కడుక్కోండయ్యగారూ. అది అమ్మగారి ఆవకాయ కారమండి.”

“ఏ అమ్మగారు?”

“మీ ఇంటమ్మగారేనండి. మన మేడకి కంచె ఉందిగదండి, కోతులు రావని మిరపకాయలు అక్కడే ఎండబోయించారు. శుక్రవారం ఇద్దరాడోళ్లు రోలేసి దంచారండి, ఆ పెట్టె పక్కనే.”

“మరి ఈ మూడు రోజులూ చెప్పవేం?”

“నన్నెవరడిగారండీ? దుమ్మెక్కణ్ణించొచ్చిందో ఈ పెట్టెనే అడుగుతా కూర్చున్నారాయె!”

సుభాషిణి వైరు సవరించే నెపంతో నా వెనక్కి వెళ్లి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పరాంకుశం గారు ఒక కన్ను మూసుకునే నా సున్నా మీద సంతకం చేశారు. పాతసామాన్ల మాట మళ్లీ ఎత్తలేదు. కొలతల పుస్తకంలో మాత్రం “మేడమీద ఎండబెట్టినవి” అని కొత్త గడి గీయించారు. సైదులు దానిని నిష్ఠగా నింపేవాడు: గుమ్మడి వడియాలు, చింతపండు, పరాంకుశం గారి పంచె.

మే నెలలో నేను “గురువారం ధూళి వస్తుంది” అన్నాను. గురువారం ఆకాశం పాలిపోయింది. కాగితం గోధుమ రంగులో దిగింది. పరాంకుశం గారు దాన్ని ముట్టుకోలేదు. సుభాషిణి సరాసరి సైదులు గడి చూసింది. అందులో “ఏమీ లేవు” అని ఉంది.

“వచ్చింది!” అని ఆమె నా నెత్తిన చరిచింది. ఏ బిరుదూ నాకు అంత గట్టిగా తగలలేదు.

ఇప్పుడు నేను పరిశోధనశాల వరండాలో, గాజు బీరువాలో ఉన్నాను. వచ్చినవారికి నా కోటానుకోట్ల గుణకారాలను గురించి వివరిస్తారు. నేను గంభీరంగా వింటాను. సైదులు మెట్లెక్కి, కళ్లారా చూసివచ్చి రాసిన ఆ రెండు మాటల సంగతి ఎవరూ ఎత్తరు. అవి తలపుకు వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడాలనిపిస్తుంది. ఏం చేయను, కాళ్లు లేవు.