కట్టువడని కరములు

శరత్కాలప్రభాతము. మొన్నటివరకు మేఘమాలికామలినమై యుండిన గగనతలము కడిగి యారవేసిన నీలిపట్టువలె నిర్మలమై మెఱయుచుండెను. వర్షాకాలమున కలకబారిన కాలువలు తేటపడి గట్టులమీది రెల్లుపూల ధవళకాంతిని తమయందు ప్రతిఫలింపజేసికొనుచుండెను. పొట్టకు వచ్చిన వరిచేలమీదుగా నరుదెంచు మందమారుతము కడలి యుప్పుదనమును కొంత కలుపుకొని బందరుపట్టణవీథులందు మెల్లమెల్లగా సంచరించుచుండెను. చేపలమ్ము స్త్రీల కేకలును బడికేగు పిల్లల సైకిలుగంటల మ్రోతలును కలిసి యా పురమునకు మేలుకొలుపు పాడుచుండెను. అట్టి సర్వజనాహ్లాదకరమైన వేళ సముద్రమునకు పోవు బాటప్రక్కన గల యొక వైద్యశాలయందు మాత్ర మొక కుటుంబము ఋతుశోభ నెఱుగక చింతాక్రాంతమై కూర్చుండియుండెను.

ఆ వైద్యశాలలో ఐసీయూ యని జనులు పిలుచు తీవ్రచికిత్సామందిరమున శయ్యాగతుడై యున్నవాడు పిచ్చుక భావనారాయణ. బందరునకు చేరువనున్న పెడనయందు తరతరములుగా కలంకారీ యద్దకమే జీవనముగా గల వంశమున జన్మించి, కరక్కాయకషాయమున నానిన వస్త్రముమీద టేకు అచ్చులతో లతలను హంసలను పద్మములను అవలీలగా నవతరింపజేయు ప్రజ్ఞచే ఖ్యాతిగాంచిన వృద్ధశిల్పి యతడు. ఏండ్లకొలది రంగుకాగుల ప్రక్కన నిలిచి కట్టెపొగ పీల్చిన యాతని యూపిరితిత్తులు జర్జరితములై యుండెను. గుండెయు చాల కాలముగా బలహీనపడి యుండెను. అట్టి దేహమునకు న్యుమోనియా సోకగా జ్వరతప్తుడై, ముఖమునకు బిగించిన ఆక్సిజను తొడుగులో నతికష్టముమీద నుచ్ఛ్వాసనిశ్వాసములు సాగించుచు, అప్పుడప్పుడు మాత్రము కన్ను విప్పుచుండెను.

ఆతని భార్య శేషారత్నమ్మ మితభాషిణి. కుమార్తె హైమవతి గుడివాడలో నుపాధ్యాయురాలు. కుమారుడు మార్కండేయులు తండ్రియొద్దనే విద్య నేర్చినవాడైనను, వేళ్ళనుండి బెరళ్ళనుండి రంగులు తీయు ప్రాచీనపద్ధతి యాలస్యహేతువని తలచి రసాయనపు రంగులను తెప్పించి వేఱొక పాక వేసికొనియెను. అది తండ్రికి వంశద్రోహమువలె తోచెను. నాటినుండి యొకే వీథిలో కాపురముండియు తండ్రికొడుకులకు మాటలు లేవు. పండుగనాడు సైతము కొడుకు వచ్చి యరుగుమీద కూర్చుండిపోవునే కాని తండ్రి లోపలినుండి రాడు. వారిద్దఱి నడుమ కబురులను మోయుట శేషారత్నమ్మ పనియై యుండెను.

ఆ యుదయమున విధినిర్వహణమందున్న యొక యువవైద్యుడు త్వరత్వరగా వచ్చి, రోగి గుండె యాగినచో ఱొమ్ము నదిమి మరల నాడించు ప్రయత్నము చేయవలెనా, గొంతులో గొట్టము దింపి శ్వాసయంత్రమున కెక్కింపవలెనా యని నడవలోనే నిలువబడి ప్రశ్నించెను. ఆ ప్రశ్నలోని భావము గ్రహించుటకు వారికి వ్యవధియే లేకపోయెను. మార్కండేయులు వివర్ణవదనుడై, చేయదగినవన్నియు చేయవలసినదే యని గట్టిగా చెప్పెను. నాయనను యంత్రములతో హింసింపవలదని హైమవతి యడ్డుపడెను. ఆమెకు తండ్రిమీద ప్రేమ లేదని యతడును, ఇన్నాళ్ళు పలుకరింపనివానికి నేడు ప్రేమ యెక్కడినుండి వచ్చెనని యామెయు పరుషోక్తులాడుకొనిరి. శేషారత్నమ్మ యిరువురిని వారింపక కొంగు నోటికడ్డము పెట్టుకొని నేలచూపులు చూచుచుండెను.

ఆ సంగతి డాక్టరు మంజుభాషిణికి తెలిసెను. ఆమె యా విభాగమునకు పెద్ద. తల నెరసినది. ఇట్టి మాటలను నడవలలో నిలువబడి యాడరాదని యామె నియమము. అందులకై మందుల కొట్టుగదిని ఖాళీ చేయించి తూర్పుకిటికీ తెఱిపించి కుర్చీలు గుండ్రముగా వేయించియుండెను. ఆమె తానే వచ్చి ముగ్గురను ఆ గదికి తోడ్కొనిపోయి కూర్చుండబెట్టి తేనీరు తెప్పించి, తన ఫోనును నర్సుచేతి కిచ్చి, ఎవరు పిలిచినను తన్ను కదిలింపవలదని చెప్పివచ్చెను. యువవైద్యుడు తొందరపడి యడిగినందులకు తాను నొచ్చుకొని వారిని క్షమింపుడని కోరెను. వారు తేనీరు త్రాగిన పిమ్మట నిట్లనియెను.

"మీకేమి కావలెనో నేనిప్పుడడుగను. వారెట్టివారో నాకు చెప్పుడు. నాకు వారి జబ్బు తెలియును గాని మనిషి తెలియడు."

 ముందుగా హైమవతి మొదలుపెట్టెను. రంగు కుదిరినదో లేదో కన్నులు మూసికొని వాసనచేతనే చెప్పునని చెప్పెను. గోంగూరపచ్చడి లేనిదే యన్నము సహింపదనియు, తన పెండ్లికి నాయన స్వయముగా నద్దిన చీర నిచ్చి దానిమీద నెవ్వరి చేయి పడనీయలేదనియు చెప్పెను. మార్కండేయులు, తన చిన్ననాట అచ్చు వంకరగా వేసినప్పుడు తండ్రి తిట్టక ఆ వంకరనే తీగెగా మలచి చూపిన వైనము తలచుకొనెను. కోడిపుంజు వెంటబడగా భర్త రంగుకాగులో కాలు వేసిన సంగతి చెప్పుచు శేషారత్నమ్మ నవ్వెను. తాను నవ్వినందులకు తానే వెఱచినట్లు వెంటనే తల దించుకొనెను. కాని యా నవ్వుతో గదిలోని బిగువు కొంత సడలెను. చెప్పుకొన్నకొలది యొక నిండుమనిషి వారి నడుమకు వచ్చి కూర్చుండినట్లయ్యెను.

అప్పుడు మంజుభాషిణి వ్యాధిస్థితిని దాపరికము లేక విశదీకరించెను. మందులు పనిచేయవచ్చును, చేయకపోవచ్చును. ఈ పోరాటములో గుండె యాగినచో ఱొమ్ము నదుముటవలన నిట్టి దేహమున నెముకలు విఱుగుటయే తఱచు గాని ప్రాణము మరలుట మిక్కిలి యరుదు. మరలినను మునుపటి మనిషి మరలుట మఱింత యరుదు. గొంతులో గొట్టము వేసినచో దానిని పీకివేసికొనకుండ నొకొక్కప్పుడు చేతులు మంచమునకు కట్టవలసియు రావచ్చును. ఇది చెప్పి యామె, ఇట్టి విషయమై భావనారాయణగా రెన్నడైన నేదైన ననిరా యని మృదువుగా నడిగెను.

చేతులు కట్టుట యను మాట వినినంతనే శేషారత్నమ్మ తల యెత్తెను.  కొంగుచివరను వ్రేళ్ళకు చుట్టుకొనుచు నిట్లు చెప్పెను.

"మా బావగారు జబ్బుపడినప్పుడు ఈయన చూడబోయిరి. నోట గొట్టము, చేతులు రెండును మంచపుకమ్ములకు కట్టియున్నవట. ఇంటికి వచ్చి యన్నము తినలేదు. వాకిట కూర్చుండి తన చేతులవంక చూచుకొనుచు, రత్నమా, నాకట్టి యవస్థ వచ్చినచో నన్ను పోనిమ్ము, నా చేతులు మాత్రము కట్టనీయకు మనిరి. నేనీ మాట యెవరికిని చెప్పలేదమ్మా. చెప్పినచో నా నోటితో నేనే ఆయన చావు కోరినట్లగునని భయపడితిని."

హైమవతి లేచి తల్లి భుజములచుట్టు చేయి వేసెను. మంజుభాషిణి కుర్చీని ముందునకు జరుపుకొని యామె కెదురుగా కూర్చుండెను.

"మీరు కోరినదేమియు లేదమ్మా. ఈ నిర్ణయము వారు ఎన్నడో చేసికొన్నది. మీరు దానిని ఇన్నాళ్ళు మోసి నేడు నాకందించితిరి. ఇకమీదట దానిని మోయవలసినదానను నేను."

శేషారత్నమ్మ ఇన్నాళ్ళకు మొదటిసారి వెనుకకు వాలి కుర్చీకి వీపానించి కన్నులు మూసికొనెను. ఆమె చెక్కిళ్ళమీదుగా నశ్రువులు జాఱుచున్నను ముఖమున నొక తెఱపి గోచరించెను.

మార్కండేయులు మాత్రము కిటికీవంక తిరిగి కూర్చుండెను. అతనికి కోపము లేదు. ఏమియు చేయవలదన్నచో నాయనను విడిచిపెట్టినట్లేనా యని మెల్లగా నడిగెను. విడుచుట కాదని మంజుభాషిణి చెప్పెను. జ్వరమునకు మందులు సాగును. ఆక్సిజను సాగును. ఆయాసము బాధింపకుండ నుపశమనౌషధము లిత్తుము. నోరెండినచో తడుపుదుము. గుండె తనంతట తా నాగినప్పుడు మాత్రము దానితో పెనగులాడము. అంతియే భేదము. ఇది విని యతడు తల యూపెను గాని కదలలేదు.  పిమ్మట నతడు కిటికీవంకనే చూచుచు పలికెను.

"నాయన నాతో మాటలాడి యెంతకాలమో అయినది డాక్టరుగారూ. నేను తప్పు చేసితినని చెప్పవలెను. అది చెప్పకుండ నాయనను పోనీయలేను."

"ఱొమ్ము నదిమి తెచ్చిన ప్రాణము మాటను కూడ తెచ్చునని నేను చెప్పజాలను. కాని యిప్పుడు వారికి వినికిడి కలదు. కన్నులు మూసియున్నను వినగలరు. మీరు చెప్పదలచినది నేడే చెప్పుడు, బాబూ."

ఆ మాటలతో నతనిలో నేదో వీడెను. అన్నయ్యా, నేనన్న మాట మఱచిపొమ్మని హైమవతి యతని చేయి పట్టుకొనెను. ముగ్గురును ఏకమనస్కులై భావనారాయణ మాటనే నిలుపుదమనిరి. మంజుభాషిణి నర్సులను యువవైద్యుని పిలిపించి వారి యెదుటనే యా నిర్ణయమును, దానితోబాటు చేయవలసిన పరిచర్యలను స్పష్టముగా చెప్పెను. ఒకేసారి యొక్కరినే లోపలికి పంపు నియమమును సడలించి ముగ్గురను పంపెను.

మార్కండేయులు తండ్రి మంచముప్రక్క కూర్చుండి యాతని చేతిని తన రెండు చేతులలో నుంచుకొని చెవికడ వంగి చాలసేపు మాటలాడెను. ఏమి చెప్పెనో తల్లియు చెల్లెలును వినలేదు, వినవలెనని యత్నింపలేదు. తండ్రి పలుకలేదు, కన్ను తెఱవలేదు. అయినను లేచి వచ్చునప్పు డాతని నడకలో నొక తేలికదనము కానవచ్చెను. ఆనాటి మధ్యాహ్నము ముగ్గురును ఒకే బల్లమీద కూర్చుండి భోజనము చేసిరి.

విధివిలాస మూహాతీతము గదా. మందులు పనిచేసెను. కొన్నాళ్ళకు జ్వరము తగ్గుముఖము పట్టి ఒకనాటి యపరాహ్ణమున భావనారాయణ నిండుగా కనులు విప్పి మంచినీళ్ళడిగెను. కొంత కోలుకొనిన పిమ్మట మంజుభాషిణి యాతని యెదుట కూర్చుండి తాము తెలిసికొన్న మాటను చెప్పి, అది సరియేనా యని యడిగెను. అతడు భార్యవంక చూచి, చక్కగా చెప్పితివి రత్నమా యని చిఱునవ్వు నవ్వెను. పిదప కొడుకువంక చాలసేపు చూచి మెల్లగా ననెను.

"మీ యమ్మ మొన్న కట్టుకొన్న చీర నీ పాకలోనిదని నాకు తెలియునురా. ఎఱుపు చక్కగా దిగినది. ఆ మాట నోటికి రాక యూరకుంటిని."

మార్కండేయులు వంగి తండ్రి పాదములను దుప్పటితో సరిగా కప్పి యక్కడనే నిలువబడిపోయెను.

ఇంటికి వచ్చిన పిమ్మట భావనారాయణ హేమంతమంతయు సుఖముగా గడపెను. ఎండపొడలో మంచము వేయించుకొని కొడుకు తెచ్చి చూపు గుడ్డలమీద తప్పులెన్నుచుండెను. కొన్నిటిని మెచ్చుకొనుచుండెను. కొడుకు తన పాకలోనే మరల నొక చిన్నకాగు పెట్టి తండ్రి చెప్పినట్లు వేళ్ళరంగు కాచుట యారంభించెను. మాఘమాసమున నొక మధ్యాహ్నము, చల్లయన్నము కొంచెము తిని పండుకొనియుండగా, ఆతని శ్వాస క్రమముగా పలుచనాయెను. మార్కండేయులు అంబులెన్సును పిలువబోయి ఫోను చేత బట్టెను. ఒక్క క్షణము తల్లివంక చూచెను. ఆమె భర్త చేతిని తన చేతిలోనికి తీసికొనెను. అతడు ఫోనును అరుగుమీద పెట్టి వచ్చి మంచముపట్టెమీద కూర్చుండెను. తల్లి యొక చేతిని కొడుకు మఱొక చేతిని పట్టుకొనియుండ, కబురంది వచ్చిన హైమవతి పాదములకడ చేరిన కొంతసేపటికి, కట్టులేని యా కరములు వారి చేతులలో మెత్తబడినవి. ఆయాసము లేదు. పెనగులాట లేదు.

కర్మాంతమున హంసలదీవి తీరమున నస్థికలు నీట కలిపి ముగ్గురును స్నానము చేసి యిసుకమీదికి వచ్చిరి. ఎండ యింకను తీక్ష్ణము కాలేదు. కృష్ణమ్మ కడలిలో కలియు చోట రెండు నీళ్ళ రంగులును కొంతదూరము వేఱువేఱుగా సాగి పిమ్మట నేది యేదో తెలియకుండెను. శేషారత్నమ్మ తడిచీర పిండుకొనుచు, నాకు ఆకలి యగుచున్నదిరా యనెను. ఆ మాటకు కొడుకును కూతురును ఒకరి మొగ మొకరు చూచుకొని యప్రయత్నముగా నవ్విరి. ఆమెయు నవ్వెను. హైమవతి మూట విప్పి పులిహోర తీసెను. అయినవారిని వారి మాటప్రకారమే సాగనంపినవారికి దుఃఖము లేకపోదు గాని, ఆ దుఃఖమున పశ్చాత్తాపమనెడి చేదు కలియదు. వారు ముగ్గురును ఆ యిసుకతిన్నెమీద నెండపొడ తమపై బడుచుండగా కడుపునిండ తినిరి.