గంజికైతే రాప్తాడు

నాది మంచి గొంతు కాదు, పెద్ద గొంతు. గొర్రెలు మేపేవాడికి మంచి గొంతుతో పనేముంది? ఈ గుట్ట మీద అరిస్తే ఆ గుట్ట వెనక మేస్తున్న గొర్రె తల తిప్పాలి, అంతే. ఆ గొంతుతోనే నల్లమాడ చెడుగుడు జట్టుకు నేను కావలసినవాణ్ణయ్యాను. ఆ గొంతుతోనే చేయకూడని పని చేశాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, వినండి. మధ్యలో అయ్యో పాపం అనొద్దు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మంట.

అరవయ్యో సంవత్సరం, అనంతపురంలో పోటీలు. ఆఖరాట మాకూ రాప్తాడుకూ పడింది. అంతకుముందు రెండేళ్ళూ వాళ్ళే గెలిచారు. వాళ్ళ జట్టు గొప్పదని మా ఊళ్ళో ఒక్కడూ ఒప్పుకోడు. జనమే గొప్ప. వాళ్ళకు అనంతపురం పెరటి దొడ్డి కింద లెక్క. ఆడా మగా, పిల్లా జెల్లా సద్దిమూటలు కట్టుకుని నడిచి వచ్చేస్తారు. మేమేమో అంత దూరం నుంచి రెండు లారీల్లో కుక్కుకుని రావాలి. మేం వందమందిమైతే వాళ్ళు వెయ్యి. మావాడు కూతకు పోతే వాళ్ళ గోలలో ఆ కూత రెఫరీకి వినపడదు. కూత ఆగిందనుకుని ఆయన ఈల ఊదేస్తాడు. అట్లా ఎంతమందిని పోగొట్టుకున్నామో.

మా జట్టు పెద్ద పాపన్న, గానుగ పాపన్న అంటారు, పోటీకి వారం ముందు నా దగ్గరికి వచ్చాడు.

"తలకాయలు లెక్క పెట్టుకుంటే మనం గెలిచేది లేదు ఆంజినప్పా. వాళ్ళ నోరు మూయించే మాట ఒకటి కావల్ల. నువ్వే ఆలోచించప్పా" అన్నాడు.

గొర్రెలు యాడికి తోలుకుపోతాండావని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడిగింది లేదు అంతవరకు. ఆలోచించమని అడిగిన మొదటి మనిషి పాపన్నే. ఉబ్బిపోయాను. నాకు వెతుక్కునే పనే లేదు, మాట లోపలే ఉంది. రాప్తాడు సంగతి మా ఊళ్ళో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

యాభై రెండులో కరువు వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. గొర్రెలు పోయాయి, నాయన పోయాడు. నేనూ మా అమ్మా రోడ్డు పట్టుకుని నడిచి నడిచి రాప్తాడు చేరాం. అక్కడ గంజి కేంద్రం పెట్టారని విన్నాం. తీరా పోతే, ఊరివాళ్ళకే అన్నాడు పేర్లు రాసుకునే గుమాస్తా. మా అమ్మ అక్కడే కూలబడింది. గంగాళం దగ్గర గంజి కలుపుతున్న ఆడమనిషి గరిటె పక్కన పెట్టి వచ్చింది. ఆమె పేరు తిమ్మక్క. "ఈమె మా చెల్లెలు సామీ. ఈడు దాని కొడుకు. రాసుకో" అంది గుమాస్తాతో. అంతకుముందు ఆమె మమ్మల్ని చూసి ఎరగదు.

రెండు నెలలు వాళ్ళ వసారాలోనే పడుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు తిమ్మక్క గరిటెను అడుగుదాకా ముంచేది, నూకలు పైకి రావాలని. ఆమె కొడుకు ఎర్రిస్వామి నాకంటే నాలుగేళ్ళు చిన్న, నా పక్కనే పడుకునేవాడు. వానలు పడ్డాక ఊరికొచ్చి, బెంగుళూరులో కూలికి పోయినామని చెప్పుకున్నాం. గంజికి చెయ్యి చాపామని తెలిస్తే మావాళ్ళలో చులకనైపోతామని అమ్మ భయం. నాకూ అదే భయం.

సరే, ఆట. సగం ఆటకే రాప్తాడు ఏడు పాయింట్లు పైన ఉంది. వాళ్ళ తరఫున కూతకు వచ్చినప్పుడల్లా మావాళ్ళను తాకిపోతున్నది ఎవరనుకున్నారు? ఎర్రిస్వామి. పద్దెనిమిదేళ్ళ వాడు, చింతబరికె లాగా ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. వాడు నన్ను చూడలేదు. అప్పుడైనా నోరు మూసుకుని ఉండొచ్చు కదా. పాపన్న నావైపు చూశాడు. నేను లారీ బానెట్ ఎక్కి అందుకున్నాను.

"గంజికైతే రాప్తాడు! కూతకైతే రాలేడు!"

ఒక్కసారి అన్నానో లేదో, మా వందమందీ పట్టుకున్నారు. నూనె డబ్బాలు వాయిస్తూ అదే మాట. వాళ్ళ వెయ్యిమందీ చప్పున చల్లబడిపోయారు. తిరిగి తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గంజి తాగి బతికినవాళ్ళూ, ఆ కరువులో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళూ వాళ్ళలో ఎంతమందో నాకు తెలుసు. తెలిసే అరిచాను.

ఎర్రిస్వామి మా గీత దాటి లోపలికి వచ్చి ఉన్నాడు. కూత పెడుతూనే మావైపు తల తిప్పాడు. కూత తెగింది. మావాళ్ళు పట్టేసుకున్నారు. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు వచ్చినా కూత సగంలోనే తెగింది. రెండు పాయింట్ల తేడాతో మేము గెలిచాం.

నన్ను భుజాల మీదికి ఎత్తారు. ఇరవై రెండేళ్ళలో నన్ను ఎత్తుకున్నది మా అమ్మ కాక వీళ్ళే. సంతోషంగా లేదని చెప్తే అబద్ధం. అట్లా ఊరేగుతుంటే తిమ్మక్క జనాన్ని తోసుకుంటూ ఎదురొచ్చింది. జుట్టు నెరిసింది. ముఖం అదే. వెనక ఎర్రిస్వామి, మోకాలి మీద మన్ను.

"ఆంజినీ, నువ్వే కదా? మీయమ్మ బాగుండాదా నాయనా?" అంది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. చెప్పుతో కొట్టినా సరిపోయేది. ఆమె నా తల్లిని అడిగింది. పాపన్న కింద నుంచి, "ఎవరప్పా ఈమె? నీకు బంధువా?" అన్నాడు. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. అవునంటే నేను ఎక్కడ ఏం తాగానో తేలిపోతుంది, ఆ పాట నా మీదికే తిరుగుతుంది. పైగా ఆ వేళ నేను గొప్పవాణ్ణి.

"నాకు తెల్దన్నా. ఎవరో ఏమో" అన్నాను.

ఎర్రిస్వామి తిమ్మక్క చెయ్యి పట్టుకుని, "అమ్మా, మనింట్లో ఉండె కదా ఆ పిల్లోడు, ఈడే. నాకు గుర్తుండాది" అన్నాడు.

"కాదులేరా" అంది ఆమె. నన్నే చూస్తూ అంది, మెల్లగా. "ఆ పిల్లోడు గంజి తాగి బతికినోడు. వాడు ఈ మాట అనడు. నేనే పొరపాటు పడినా. పద పోదాం."

నిజంగానే పొరపాటు అనుకుందో, నన్ను కాపాడిందో నాకు తెలియదు. కాపాడిందనే అనుకుంటాను, అందుకే సిగ్గుతో చచ్చిపోతాను. దూకి కాళ్ళ మీద పడొచ్చు. నేను దిగలేదు.

"ఇంగోసారి కానీ ఆంజినప్పా" అన్నాడు పాపన్న.

నేను అందుకున్నాను. గంజికైతే రాప్తాడు, అన్నాను. తిమ్మక్క ఇంకా పది అడుగులు కూడా పోలేదు.