చెప్పని చప్పుడు

జంగ్లీఘాట్‌లో తిరుమలరావు మెకానిక్ షెడ్డు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. అతను విప్పి బిగించని బండి పోర్ట్ బ్లెయిర్‌లో లేదని జనం ఒకప్పుడు అనుకునేవాళ్లు. ఈ మధ్య ఆ మాట ఎవరూ అనడం లేదు. ఎవరి నోట విన్నా ప్రవీణ్‌కుమార్ పేరే.

ప్రవీణ్‌కుమార్ పరాయివాడైతే తిరుమలరావుకు ఇంత మంట ఉండేది కాదు. సొంత బావమరిది, భార్య కళ్యాణికి తమ్ముడు. ఈ షెడ్డులోనే పని నేర్చుకుని చెన్నై వెళ్లాడు. ఆరేళ్లు అక్కడ విదేశీ కార్ల వర్క్‌షాపులో చేసి రెండేళ్ల కిందట ఓడ దిగాడు. దిగినవాడు బావ పక్కన చేరలేదు. డైరీ ఫారం అనే పేటలో నేలకు టైల్సు పరిచిన షెడ్డు తెరిచాడు. స్టీరింగ్ కింద వైరు గుచ్చితే కారుకు జబ్బేమిటో లాప్‌టాప్ కోడ్ చూపించి చెబుతుంది. సాయంత్రానికి కూడా ప్రవీణ్ చొక్కాకు మసి అంటదు.

తిరుమలరావు ఇంటికి వెళ్లే దారి డైరీ ఫారం మీదుగా కాదు. అయినా చుట్టు తిరిగి అటే వెళ్లేవాడు. బావమరిది షెడ్డు ముందు ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టుకుని, ఆ లెక్క మోసుకుని ఇల్లు చేరేవాడు. "మావోడు ఇవాళ..." అని కళ్యాణి మొదలుపెడితే చాలు, అన్నం సగంలో చెయ్యి కడిగేసుకునేవాడు.

అన్నిటికన్నా లోతుగా దిగబడింది వీరేంద్ర కారు సంగతి. పర్యాటకులకు బోట్లు నడిపే వీరేంద్ర కిందటేడు బెంగుళూరులో ఒక స్పోర్ట్స్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొని ఓడలో తెప్పించాడు. రెండు టర్బోల ఇంజను. కాలు ఆన్చితే నాలుగు సెకన్లలో వంద దాటుతుందని చెప్పుకున్నారు. వీరేంద్ర తండ్రి జీపును పద్దెనిమిదేళ్లు సాకినవాడు తిరుమలరావు. కారు దించిన రోజు ఉతికిన చొక్కా వేసుకుని ఓడలు ఆగే వార్ఫుకు వెళ్లాడు. వీరేంద్ర అతని ముందే తాళాలు ప్రవీణ్ చేతిలో పెట్టాడు.

"కంప్యూటర్ బండి కదా తిరుమల్ భయ్యా. నీకెందుకు తక్లీఫ్" అన్నాడు, గౌరవంగానే.

ఆ గౌరవమే తిరుమలరావుకు అరగలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే అతను జెట్టీ పక్కన నూకరత్నం కొట్టు దగ్గర టీ కోసం నిలబడ్డాడు. ముందురోజు కారును అక్కడే ఆపి బోటు మీద వెళ్లిన వీరేంద్ర అప్పుడే తిరిగొచ్చాడు. వచ్చి కారు స్టార్టు చేశాడు. ఇంజను లోపల గరగరమంది, రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. మూడు, నాలుగు సెకన్లు. తర్వాత ఏమీ ఎరగనట్టు నున్నగా తిరగసాగింది.

తిరుమలరావు చేతిలో గ్లాసు ఆగింది.

కింద పిస్టన్లు, పైన వాల్వులు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా వేళ తప్పక తిప్పేది టైమింగ్ చైను. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా బండి నిలబడితే అందులో ఆయిల్ కిందికి జారుతుంది. పొద్దున్న మళ్లీ నిండేదాకా వదులు చైను పక్కనున్న ప్లాస్టిక్ పట్టీలను కొడుతుంది. అయితే చైను బాగున్న బండిలో చప్పుడు ఇంత ఉండదు. ఇది సాగిపోయిన చైను. ఎక్కడో ఒకచోట తను తిప్పే చక్రం పళ్లు దాటి తీరుతుంది.

వీరేంద్ర అద్దం దించాడు. "ఈ ఆవాజ్ ఏటి తిరుమల్ భయ్యా? పొద్దున్నే వస్తాది, ఆగిపోతాది. ప్రవీణ్ లాప్‌టాప్ పెట్టి చూసినాడు. కోడ్ ఏటీ లేదన్నాడు."

మాట తిరుమలరావు గొంతుదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? వీరేంద్ర నేరుగా డైరీ ఫారం వెళతాడు. ప్రవీణ్ కొత్త చైను తెప్పించి వేస్తాడు. ప్రవీణ్ బాగుచేశాడని ఊరంతా అంటుంది. చెవి తనది, పేరు వాడిది.

"పెద్ద ఇంజను కదా, అలాగే ఉంటాది" అన్నాడు. "ప్రవీణ్ చూసీసినాడంటే బస్, మరేటుంటాది."

వీరేంద్ర తృప్తిగా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ టీ తిరుమలరావుకు చాలా రుచిగా అనిపించింది.

ఆనాటి నుంచి అతను ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఒకటి రెండుసార్లు భయం వేసింది. ఒక మధ్యాహ్నం ఫోను తీసి వీరేంద్ర నంబరు వెతికాడు కూడా. సరిగ్గా అప్పుడే రోడ్డుకు అటుపక్క వీరేంద్ర ప్రవీణ్ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ కనిపించాడు. ఫోను మళ్లీ జేబులోకి వెళ్లింది.

పదిహేడో రోజు సాయంత్రం కళ్యాణి షెడ్డుకు వచ్చింది. ఆవిడ ఎప్పుడూ షెడ్డుకు రాదు.

"వీరేంద్ర కారు ఆగిపోనాదట. ఇంజను మొత్తం పోయినట్టుంది అంటున్నారు. అందరూ మావోడి మీదే పడ్డారు" అంది.

తిరుమలరావు గుండె తేలికైంది. రెండేళ్లుగా బిగిసిన నట్టేదో వదులైనట్టు హాయిగా ఉంది. ఆ హాయి ముఖంలో కనబడకుండా స్పానర్లు సర్దబోయాడు.

"ఫెరార్గంజ్ దాటాక దిగుడులోనట. యర్రమ్మ పెద్దమ్మ కూడా బండిలో ఉందటండీ."

స్పానరు చేతిలోనే ఉండిపోయింది.

జరిగింది తర్వాత తెలిసింది. వీరేంద్ర తల్లి యర్రమ్మను చుట్టాలింటికి తీసుకువెళుతున్నాడు. దిగుడులో ఇంజను టక్కున చచ్చింది. స్టీరింగు రాయిలా బిగిసింది. బ్రేకు రెండుసార్లు పట్టి మూడోసారి కాలికి ఎదురు తిరిగింది. ఎదురుగా బస్సు వస్తుంటే వీరేంద్ర బలమంతా పెట్టి కారును రోడ్డు పక్క కాలవలోకి దింపాడు. యర్రమ్మ నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

తిరుమలరావు మర్నాడు చూడటానికి వెళ్లాడు. డెబ్బై దాటిన యర్రమ్మ తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. అతని చెయ్యి పట్టుకుంది.

"మావోడికి ఎన్నిసార్లు చెప్పినానో. తిరుమల్‌కి చూపించు, తిరుమల్‌కి చూపించు అని. నువ్వు చూసుంటే ఇలాగ జరుగునా బాబూ."

రెండేళ్లుగా ఎవరైనా ఈ మాట అంటారని అతను కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు వింటుంటే లేచి పారిపోవాలనిపించింది.

ఆ సాయంత్రమే ప్రవీణ్ వచ్చాడు. సొంత షెడ్డు తెరిచాక అతను బావ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదలు. చొక్కా నలిగి ఉంది.

"బావా, ఆ ఇంజను విప్పాల. నాకు చేతులాడట్లేదు. రావా" అన్నాడు.

మర్నాడు డైరీ ఫారం షెడ్డులో ఇద్దరూ ఇంజను విప్పారు. వాల్వులు వంగి ఉన్నాయి. పిస్టన్ల నెత్తిన అవి కొట్టిన గుర్తులు. చైను పక్కనుండే ప్లాస్టిక్ పట్టీలు బెల్లప్పాకంలా రంగుమారి, పట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. వాటి ముక్కలే కింద ఆయిల్ జల్లెడను మూసేశాయి. తిరుమలరావు చైనును గుడ్డ మీద నిలువుగా పరిచి కొలిచాడు. ఉండవలసినదానికన్నా గోరంత పొడవుంది.

"గోరంతే" అన్నాడు ప్రవీణ్.

"గోరంత చాలు. లింకుకి లింకు అరిగితే అంతే గదా. ఆయిల్‌లో మసి ఉంటే అది ఆకురాయిలాగ పనిచేస్తాది. ఇంత పవరున్న ఇంజను చైనుని మామూలు దానికన్నా గట్టిగా గుంజుతాది. వేడీ ఎక్కువే. పట్టీలు మాడిపోతాయి."

"ఆయిల్ మార్చడం కంపెనీ బుక్కు ప్రకారమే పెట్టుకున్నాను బావా. పదిహేను వేల కిలోమీటర్లకి."

"ఆ బుక్కు మన రోడ్ల కోసం రాయలేదు. ఇక్కడ బండి జంగ్లీఘాట్ నుంచి జెట్టీకి పోతాది, ఆగిపోతాది. ఆయిల్ వేడెక్కే లోపే తాళం తీసీస్తారు. తడి, పెట్రోలు అందులోనే కలిసిపోతాయి. కిలోమీటర్లు తక్కువే అవుతాయి, ఆయిల్ మాత్రం చచ్చిపోతాది."

"మరి కోడ్ ఎందుకు రాలేదు?"

"లెక్క తప్పినాక కంప్యూటర్‌కి తెలుస్తాది. తప్పబోతోందని చెవికే తెలుస్తాది."

ప్రవీణ్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నువ్వు ఒక్కసారి వింటే పట్టీసేవోడివి. నాకూ అనుమానం వచ్చింది బావా, నీకు వినిపించాలనుకున్నాను. నామోషీ అనిపించింది. చెన్నై పోయొచ్చి మళ్లీ నిన్ను అడగడమేటని."

తిరుమలరావు ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. నేరం దానంతట అదే ప్రవీణ్ నెత్తిమీదికి ఎక్కి కూర్చుంది. ఎవరూ తనను అడగరు.

"విన్నాను" అన్నాడు.

"ఏటి?"

"ఆ చప్పుడు. బండి ఆగిపోడానికి పదిహేడు రోజుల ముందు, నూకరత్నం కొట్టు కాడ. వీరేంద్ర నన్ను అడిగినాడు కూడా. ఏటీ లేదన్నాను."

ప్రవీణ్ చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "తెలీకనా?"

"తెలిసే. నీ పేరు పోవాలని."

ప్రవీణ్ అరుస్తాడనుకున్నాడు. అరవలేదు. "పెద్దమ్మ ఉంది బావా అందులో" అని మాత్రం అని, కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు చేతులు కడిగాడు. తిరిగి రాలేదు.

ఆ రోజు కళ్యాణికీ చెప్పాడు. ఆవిడ కూర కలుపుతున్న గరిటె ఆపి విన్నది, మళ్లీ కలిపింది. "వీరేంద్రతో మీరే చెప్పాల. మావోడి చేత చెప్పించొద్దు" అంది.

వీరేంద్ర బోటు తాడు విప్పుతుండగా తిరుమలరావు జెట్టీ మీద నిలబడి అంతా చెప్పాడు. వీరేంద్ర తాడు వదల్లేదు.

"నిన్ను కాదని ప్రవీణ్‌కి ఇచ్చినానని ఇంత చేసినావా భయ్యా" అన్నాడు చివరికి. "మా అమ్మకి మాత్రం చెప్పకు. ఆవిడ ఇంకా నీ పేరే చెప్తోంది. అదీ పోతే తట్టుకోలేదు."

అంటే ఆవిడ పొగుడుతూనే ఉంటుంది, తను వింటూనే ఉండాలి. తిరుమలరావు తలూపి వెనక్కి తిరిగాడు.

చైను, వాల్వులు మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావడానికి ఆరు వారాలు పట్టింది. అవి రాగానే తిరుమలరావు రోజూ మధ్యాహ్నం తన షెడ్డు మూసి డైరీ ఫారం వెళ్లాడు. ప్రవీణ్ రమ్మనలేదు, వద్దనలేదు. మొదట్లో "పట్టుకో", "తిప్పు", "చాలు" తప్ప మాట లేదు. రెండోవారంలో "బావా" అన్న పిలుపు మళ్లీ వచ్చింది. ద్వీపంలో తిరిగే బళ్లకు ఐదు వేల కిలోమీటర్లకు గాని ఆరు నెలలకు గాని ఆయిల్ మార్చాలని ప్రవీణ్ కాగితం మీద హిందీలో రాసి గోడకు అంటించాడు.

కారు లేచి నిలబడగానే ఊరు మళ్లీ ప్రవీణ్‌నే మెచ్చుకుంది. తిరుమలరావు లోపల మళ్లీ మండింది. మంట పోతుందనుకున్నాడు, పోలేదు. ఈసారి దాన్ని గుర్తుపట్టాడు, అంతే. అది చెప్పినట్టు చేయకుండా ఉండగలిగాడు.

వారం తర్వాత యర్రమ్మ డైరీ ఫారం షెడ్డుకు ఒక క్యారియరు పంపింది. ఎండురొయ్యలూ వంకాయా కూర, అన్నం. మోసుకొచ్చిన వీరేంద్ర క్యారియరును బల్ల మీద పెట్టి, తిరుమలరావు వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ప్రవీణ్ గిన్నెలు విడదీసి కూర గిన్నెను బావ వైపు జరిపాడు.

"తిను. నీకే పంపింది" అన్నాడు.

తిరుమలరావు ముద్ద కలిపాడు. నువ్వు చూసుంటే అన్న యర్రమ్మ మాట గుర్తొచ్చింది. అయినా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.