ఎడమచేతి గిటార్

సంగీతం బడిలో గిటార్ నేర్పే ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. భార్య కూడా అలాగే అనేది, కాకపోతే ఆవిడ నోట్లో ఆ మాటకి కాస్త ఉప్పూకారం తగిలేది. నలభై దాటిన మనిషి. పగలు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, కబురు వచ్చినప్పుడు రికార్డింగులకు వెళ్ళి వాయించి వస్తూ, ఒకరి జోలికి పోకుండా బతుకుతున్నవాడు. పేరు మోసిన వాద్యకారుడు కాడు. అలాగని పిలిచినవాళ్ళు నాలిక కరుచుకునేలా వాయించేవాడూ కాడు.

ఆయనది పుట్టుకతో ఎడమచేతి వాటం. రాసినా, గడ్డం గీసుకున్నా, కూర తరిగినా ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. గిటార్ దగ్గర మాత్రం అందరిలాగే కుడిచేతి వాటం. చిన్నప్పుడు నేర్పిన మేనమామ అలా పట్టించాడు, అలాగే అలవాటైపోయింది. ఎడమ చేతి వేళ్ళు గిటార్ మెడ మీద తీగలు నొక్కుతాయి, కుడి చెయ్యి మీటుతుంది. రికార్డింగులకు పిలిచే సంగీత దర్శకుడు ఒకసారి నవ్వుతూనే అన్నాడు. "నీ వేళ్ళకి వంక పెట్టలేం మాస్టారూ. ఆ మీటే చెయ్యి మాత్రం ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోయినట్టుంటుంది."

మాస్టారు కూడా నవ్వేశాడు. ఆ మాట మాత్రం లోపలికి దిగి చేపముల్లులా అక్కడే ఉండిపోయింది.

ఒకరోజు బడిలో పిల్లలు తోసుకుని గిటార్ ఒకటి కింద పడేశారు. మెడ విరిగింది. దాన్ని అతికించడానికి మాస్టారు టైర్ల దుకాణం పైనున్న ఒక పొడవాటి గదికి తీసుకెళ్ళాడు. అక్కడ గిటార్లు చేసే ఆవిడ ఉంటుంది. అరవై ఏళ్ళ మనిషి, వాద్యాలవాళ్ళందరికీ అక్క. ఏడాదంతా కూర్చుని చేత్తో చెక్కితే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని గిటార్లు తయారవుతాయి. వాటి కోసం పెద్ద పెద్ద వాళ్ళు కాచుకుని ఉంటారు. గది నిండా రంపప్పొట్టు, జిగురు వాసన. కిటికీ కింద బల్ల మీద ఇంకా మెడ అతకని గిటార్ ఒకటి బిగింపుల మధ్య ఇరుక్కుని ఉంది. పూర్తయినవి గోడ పొడుగునా వేలాడుతున్నాయి.

అన్నీ ఒకవైపు తిరిగి ఉంటే, చివరిది మాత్రం అటు తిరిగి ఉంది, కుటుంబం ఫోటోలో అలిగి మొహం తిప్పుకున్న తోడికోడలిలా.

"అదేంటక్కా, అద్దంలో చూసినట్టుంది?"

"ఎడమచేతి వాటం వాళ్ళది," చేతిలో పని ఆపకుండానే అంది ఆవిడ.

"ఎవరు చేయించుకున్నారు?"

"ఎవరూ లేరు. ఆ చెక్కే పట్టుబట్టి చేయించుకుంది. పాత మేడమెట్ల చెక్క. ముందువైపు ఒక మూల ముడి చీలిపోయింది. ఆ ముక్క తీసేయాలంటే మెడ పక్కన కోసే వంపు ఆ మూలే రావాలి, అటు వస్తే అది ఎడమచేతి వాళ్ళకే పనికొస్తుంది. బోర్లించి చేద్దామంటే వెనకంతా మేకుల గుంటలు. పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు. చేసేశాను. ఇక అప్పట్నుంచీ అక్కడే ఉంది, పెళ్ళికాని మేనత్తలా."

"ఒకసారి పట్టుకోనా?"

"మీది ఎడమచేతి వాటమా?"

"అన్నం తినేటప్పుడు తప్ప," అన్నాడు మాస్టారు. ఆవిడ నవ్వి, చేతులు తుడుచుకుని, గిటార్ దించి ఇచ్చింది.

చిక్కటి డికాక్షన్ రంగు. చెక్కలోని గీతలు చెరువు మీద గాలి వెళ్ళినట్టు పక్కకి సాగి, వంపు దగ్గర ఒక్కసారి ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. మెడ వెనకవైపు మెరుగు పెట్టలేదు, నూనె పట్టించి వదిలేసింది. మాస్టారు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి మెడ ఆయనకి కుడివైపున ఉంది. ఎడమ చెయ్యి తీగల మీదికి వచ్చింది. అక్క గిటార్‌కి వైరు తగిలించి, శబ్దం పెంచే ఆంప్‌కి కలిపి పక్కకి జరిగింది.

ఆయన ఏ తీగా నొక్కలేదు. ఊరికే ఎడమ చేత్తో ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటాడు. చెయ్యి దానంతటదే మళ్ళీ దిగింది. దిగుతూ ఒకచోట కొంచెం ఆగింది, ఒకచోట తొందరపడింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి చెబుతూ, తను మాత్రం చెయ్యలేకపోయిన ఆ ఊపు అడక్కుండానే వచ్చి కూర్చుంది. గిటార్ లోపలి కంపనం పొట్టలోంచి పక్కటెముకల దాకా పాకింది. "మీటులో ప్రాణం ఉందండీ," అంది అక్క ఆశ్చర్యంగా. "ఏదైనా వాయించండి మరి."

అక్కడే ఆగిపోయింది. మెడ మీదున్న కుడి చేతి వేళ్ళకి ఏమీ తెలియదు. కొత్తగా బడిలో చేరిన పిల్లాడి వేళ్ళకి తెలిసినంత కూడా తెలియదు. ఒక తీగ నొక్కితే పక్క తీగ మూగబోయింది. మాస్టారు గిటార్ తిరిగి ఇచ్చేసి, బడి గిటార్ సంగతి చెప్పడం మరిచిపోయి మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కి చెప్పి వచ్చాడు.

తర్వాత ఆ గదికి వెళ్ళడానికి ఆయనకి బోలెడు కారణాలు దొరికాయి. జిగురు ఆరిందో లేదో చూడాలి. తీగలు కొనాలి. దారిలోనే కదా. దారి కాదని ఆయనకీ తెలుసు, అక్కకీ తెలుసు. వెళ్ళి, ఆ గిటార్ ఒళ్ళో పెట్టుకుని, ఏమీ నొక్కకుండా మీటుతూ కూర్చునేవాడు. మీటుతున్నంతసేపూ, తను కాగలిగి కాకుండా పోయిన మనిషెవరో పక్కగదిలో తిరుగుతున్నట్టుండేది.

భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఏ అక్షరం దగ్గర ఎవరి చూపు తడబడుతుందో పసిగట్టడం ఆవిడకి రోజూ పనే.

"ఎవరావిడ?" అంది భోజనాల దగ్గర.

"ఎవరు?"

"వడ్డించింది తినకుండా తలుచుకుంటున్నారే, ఆవిడ."

మాస్టారు దాచలేక అంతా చెప్పేశాడు. ఆవిడ మరునాడు వెంట వచ్చింది. గిటార్ని పైనుంచి కిందికి చూసింది. వేలితో ఆ చెక్క గీతల వెంట ఒకసారి రాసింది. "సవతి బాగుంది," అంది చివరికి. "కానీ మాస్టారూ, ఇది మీతో మాట్లాడదు కదా?"

"మాట్లాడుతుంది. నాకే జవాబు చెప్పడం రాదు."

గిటార్ అమ్మడానికి అక్క ఒక పట్టాన ఒప్పుకోలేదు. "గోడకి తగిలించుకోవడానికైతే ఫోటో తీసుకెళ్ళండి. వాయించేవాడి కోసం చేశాను దీన్ని." నేర్చుకుంటానని మాస్టారు బతిమాలాడు. ఈ వయసులో వేళ్ళు వంగవని ఆవిడ అంది. వంగుతాయని ఆయన అన్నాడు. ఆ మాట ఆవిడా నమ్మలేదు, ఆయనా నమ్మలేదు. ఆఖరికి ఆయన దానికి బదులుగా తన పాత గిటార్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన గిటార్ అది. అక్క దాన్నీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. గోడ మీది గిటార్ దించి పెట్టెలో సర్దింది.

ఇంటికి తెచ్చిన రోజు మాస్టారు పెట్టె తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. ఆ సంబరం మర్నాటికి లేదు. ఆయన తన పిల్లలకి చెప్పే మొదటి పాఠం తనే మొదలుపెట్టాడు. కుడి చేతి వేళ్ళ కొసలు మెత్తన. తీగ దిగిన చోటల్లా గాడి పడింది, గాడి పొక్కింది, పొక్కు చితికింది. ఏం వాయించాలో తలకి తెలుసు, ఎలా పలకాలో చెవికి తెలుసు, ఎడమ చెయ్యి పరుగుకి సిద్ధంగా ఉంది. కుడి చేతి వేళ్ళు మాత్రం సంతలో తప్పిపోయిన వాళ్ళలా తీగల మధ్య వెతుక్కునేవి. వారాలు గడిచాక కూడా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దాటడానికి పట్టే సమయంలో కాఫీ కలుపుకుని రావచ్చని భార్య అనేది.

ఇంతలో రికార్డింగుకి కబురొచ్చింది. బడి గిటార్ ఒకటి అరువు తీసుకుని వెళ్ళాడు. అలవాటైన కుడిచేతి గిటారే. కానీ పొక్కిపోయిన కుడి చేతి వేళ్ళలో, తీగలు మీటే పిక్ నిలవలేదు. వేగంగా మీటాల్సిన చోట జారి కిందపడింది. రెండోసారీ పడింది. సంగీత దర్శకుడు మర్యాదగానే, "ఈ పూటకి విశ్రాంతి తీసుకోండి మాస్టారూ," అన్నాడు. గాజు అద్దం అవతల ఎవరో అప్పటికే ఇంకొకరికి ఫోన్ చేస్తున్నారు. ఆ తర్వాత అక్కడి నుంచి మళ్ళీ కబురు రాలేదు.

ఆ ఆదివారం మాస్టారు మేనమామ ఇంటికి వెళ్ళాడు. గిటార్ కూడా తీసుకెళ్ళాడు. ముసలాయన కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది తిరగబడిందేంట్రా?" అన్నాడు.

"నాకు సరిగ్గా ఉంది మావయ్యా. నా చేతికి చేసినట్టుంది. చిన్నప్పుడే ఇలా పట్టించి ఉంటే..."

"ఎలా పట్టిస్తాన్రా? ఇంట్లో ఉన్నది ఒక్క గిటారు. నీ కోసం తీగలు మారిస్తే నేనేం వాయించను, నీ తల వాయించనా? మొదటిరోజు నువ్వు ఇలాగే పట్టుకున్నావు. నేనే తిప్పి ఇచ్చాను. ఏడ్చావు కూడా."

"ఏడ్చానా?"

"ఓ, ముక్కు చీది మరీ ఏడ్చావు. మీ అమ్మ జంతికలిస్తే మానేశావు." ముసలాయన గిటార్ తిరిగి ఇచ్చేశాడు. "అయినా ఏం పోయిందిరా ఇప్పుడు? ఆ వాయింపే కదా నీకు ఇల్లు నిలబెట్టింది."

కోప్పడదామని వెళ్ళిన మాస్టారికి కోప్పడ్డానికి చోటు దొరకలేదు. మావయ్య చెప్పిందాంట్లో అబద్ధం లేదు. తను ఏడ్చినట్టు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంటి తలుపు తట్టిన చప్పుడైంది. పాతికేళ్ళ అమ్మాయి. భుజాన గిటార్ సంచి. అక్క పంపిందట. ఒక హోటల్లో సాయంత్రాలు వాయిస్తుందట. ఎడమచేతి వాటం. డబ్బాలాంటి గిటార్ ఒకటి ఉంటే దాన్నే అటు తిప్పి, తీగలు మార్చుకుని నెట్టుకొస్తోంది.

"మీరు అమ్మే ఉద్దేశంలో ఉన్నారేమో కనుక్కోమన్నారు సార్. లేకపోతే ఊరికే చూసి వెళ్ళిపోతాను."

మాస్టారు గిటార్ తెచ్చి ఇచ్చాడు. భార్య గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని, శ్రుతి చూసుకుని, వాయించడం మొదలుపెట్టింది.

మాస్టారు తనకి ఆ గిటార్ గొంతు తెలుసనుకున్నాడు. తెలియదు. మెడ పైభాగాన అది సన్నగా, ఎవరో గదిలోకి వచ్చి తన పేరు మెల్లగా పిలిచినట్టు పలుకుతుందని తెలియదు. తీగని వేలితో పక్కకి లాగితే, స్వరం వంగి, వంగినచోట కాసేపు నిలబడి ఆలోచించి దిగుతుందని తెలియదు. ఆయన చేతుల్లో అది ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా మాట్లాడింది. ఇప్పుడు ఊపిరి తిప్పుకోకుండా చెబుతోంది, మరొకరితో. ఆయన కళ్ళు నిండాయి. సంతోషమో, కడుపుమంటో తేల్చుకోలేకపోయాడు. రెండూ ఒకేచోట ఉన్నాయి.

వాయించడం అయిపోయాక ఆ పిల్ల గిటార్ మెడని అరచేత్తో ఒకసారి నిమిరింది.

ఇది నీదేనమ్మా, తీసుకుపో అనాలి. అనడమే న్యాయం. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నోరు తెరిస్తే వేరే మాట బయటికొచ్చింది.

"నేను దీన్ని అమ్మనమ్మా."

ఆ పిల్ల తలూపింది. "తెలుసు సార్. నేనైనా అంతే."

"నువ్వు వచ్చి వాయించుకో. వారం వారం రా. నీ ఇష్టం, ఎప్పుడైనా రా."

"వద్దు సార్. ఇవాళ వెళ్ళి నాదాన్ని ముట్టుకోవడమే కష్టం. వారం వారం అయితే ఇక దాన్ని వాయించలేను." గిటార్ని జాగ్రత్తగా ఆయన చేతుల్లో పెట్టి, సంచి భుజాన వేసుకుని, భార్యకి చెప్పి వెళ్ళిపోయింది.

భార్య వచ్చి ఆ పిల్ల కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. వేళాకోళం ఆడలేదు.

"ఇచ్చేస్తే బాగుండేదండీ."

"బాగుండేది."

"మరి?"

"నోరు రాలేదే. ఏం చెయ్యను?"

ఆవిడ లేవబోతూ కుర్చీ చేతి మీద ఏదో చూసి తీసి ఇచ్చింది. పిక్. ఆ పిల్ల మరిచిపోయిన పిక్, వాడి వాడి ఒక అంచు అరిగిపోయింది.

మరునాడు సాయంత్రం మాస్టారు దాన్ని జేబులో వేసుకుని ఆ హోటల్‌కి వెళ్ళాడు. హాల్లో ఇంకా జనం రాలేదు. బల్లల మీద గ్లాసులు సర్దుతున్నారు. వేదిక పక్కన ఆ పిల్ల తీగలు బిగించుకుంటోంది. గుమ్మంలో ఆయన్ని చూసి చటుక్కున లేచి నిలబడింది. మొహం ఒక్కసారిగా వెలిగింది. చూపు ముందు ఆయన చేతుల మీదికి, తర్వాత భుజాల మీదికి, ఆ తర్వాత ఆయన వెనకున్న గుమ్మం దాకా వెళ్ళి, మెల్లగా వెనక్కి వచ్చింది.

మాస్టారు పిక్ తీసి అరచేతిలో చూపించాడు.

"మరిచిపోయి వచ్చావమ్మా."

"దీనికోసం వచ్చారా సార్," అంది ఆ పిల్ల. నవ్వడానికి ప్రయత్నించి, పిక్ తీసుకుంది.

ఆయన బయటికి వచ్చేసరికి వాన పడుతోంది. తగ్గేదాకా ఆగుదామనుకుని పంచన నిలబడ్డాడు కానీ, ఇంట్లో వెనక కిటికీ తీసి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. గిటార్ ఆ కిటికీ పక్కనే ఉంది. చల్లగాలి తగిలితే చెక్కకి మంచిది కాదు. మాస్టారు తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వానలోకి దిగాడు.