వాలు మీద ఇరవై

పెద్దాయన నిద్రలో పందుల్ని లెక్కపెట్టేవాడు. మెలకువలోనూ అదే పని కాబట్టి ఆయనకి రెండింటికీ పెద్ద తేడా తెలిసేది కాదు. మధ్యాహ్నం వాలు పైన చెట్టు కింద తువ్వాలు పరుచుకుని ఒరిగితే, ఎండ ఆకుల్లోంచి జారి రెప్పల మీద ఆడేది. ఆ వెలుతురులో పందులు నీళ్ల అడుగున నడిచినట్టు బురదగుంట చుట్టూ మెల్లగా నడిచేవి. ముట్టెలతో మట్టి పెళ్లగించి, వేళ్లు నమిలి, నిట్టూర్చి పడుకునేవి.

లెక్కే కుదిరేది కాదు. వాలు మీద మేసేవి పది. కలలో ఎప్పుడు లెక్కపెట్టినా ఇరవై. కాసేపటికి ఎక్కడో దూరాన రేకు బకెట్టు మోగేది. మూడు దెబ్బలు. ఇరవైలో పది పొగలా దిగువకి జారిపోయేవి. కళ్లు తెరిస్తే పదే.

మతి పోతోంది అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మతి లేనివాడితో పందెం ఎవడు కాస్తాడు?

పందెం అల్లుడితో.

"బయట తిరిగితే తిన్నదంతా నడకకే సరిపోతుంది మావయ్యా. లోపల పెడితే ఒంటికి పడుతుంది. వాలు పై సగం ఇటుకలవాళ్లకి అమ్మేసి పెద్ద షెడ్డు కడదాం," అన్నాడు అల్లుడు ఒకరోజు తింటూ.

"బయట సగం మేత నేలే పెడుతుంది. అదెప్పుడూ బిల్లు పంపలేదు."

"ఎదగడానికి రెండు నెలలు ఎక్కువ పడుతుంది కదా. ఆ రెండు నెలల దాణా మాటేమిటి?"

"ఇన్నేళ్లూ ఆ రెండు నెలల ఖర్చు భరించే నీ పెళ్లి చేశాను."

కూతురు గరిటె కింద పెట్టింది. "కత్తులు నూరుకోవడం ఆపండి ఇద్దరూ. ఒకే ఈడు పందిపిల్లలు ఇరవై ఉన్నాయి. పది పాత గోదాములో, పది వాలు మీద. నాలుగు నెలలయ్యాక తూకం వేద్దాం. తిన్న దాణాకి ఎవరివి ఎక్కువ తూగితే వాళ్ల మాట చెల్లుతుంది."

ఇద్దరూ సరేనన్నారు. పై సగం అంటే చెట్టు, బురదగుంట, పెద్దాయన మధ్యాహ్నాలు. అవి పోతే కల కనడానికి కూడా ఆయనకి చోటుండదు.

నెలలు గడిచాయి. అల్లుడు రోజూ మధ్యాహ్నం తవుడు కోసం మిల్లుకి వెళ్లేవాడు. తిరిగొచ్చి గోదాములో తొంగిచూసి మురిసిపోయేవాడు. "ఎంత శుభ్రంగా ఉన్నాయో చూశారా! కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. పైగా దాణా మిగులుతోంది మావయ్యా. నా లెక్కకంటే తక్కువే తింటున్నాయి."

పెద్దాయన ఊఁ అనేవాడు. మధ్యాహ్నం మళ్లీ ఇరవై కనిపించేవి.

తూకం రోజు వచ్చింది. కాటా గోదాము ముందు దించారు. వాలు మీద పందులు ముందు ఎక్కాయి. పెద్దాయన ఈల వేస్తే ఒక్కొక్కటీ వచ్చి నిలబడింది. తూకం బాగానే ఉంది. తర్వాత గోదాములోవి. అవి గడప దగ్గర కాళ్లు నిలదన్ని ఆగిపోయాయి. అల్లుడు తోశాడు, బతిమాలాడు, ఒకదాని చెవిలో తిట్టాడు. కదలలేదు.

"మీరు తప్పుకోండి," అని కూతురు బకెట్టు అందుకుంది. అలవాటు కొద్దీ గరిటెతో కొట్టింది. మూడు దెబ్బలు.

పదీ బారు తీరి వచ్చాయి.

ఆ మోత పెద్దాయనకి తెలుసు. మొదటి పంది పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి మడిచి చూశాడు. వెనక, నీళ్లు తగలని మడతలో, బురదగుంట ఎర్రమట్టి ఎండి ఉంది.

"అమ్మాయ్."

కూతురు బకెట్టు కింద పెట్టింది. "రెండో వారానికే తోకలు కొరుక్కోవడం మొదలెట్టాయి నాన్నా. ఒకదానికి నెత్తురొచ్చింది. మీరు నిద్రపోయేవారు, ఈయన మిల్లుకెళ్లేవారు. ఒక గంట వాలు మీదికి వదిలేదాన్ని. బకెట్టు కొట్టి పిలిచి కడిగేదాన్ని."

అల్లుడు నోరు తెరిచాడు. "నన్ను గెలిపించడానికా, ఓడించడానికా?"

"తోకలు మిగలడానికి."

"మరి నాతో ఒక్క ముక్క..."

"చెబితే మీరిద్దరూ వినేవాళ్లేనా?"

అయినా కాటా మీదికి ఎక్కించారు. లోపలివే గెలిచాయి. వానకి తడవలేదు, చలికి ఒణకలేదు, రోజుకో గంట నేల పెట్టింది తిన్నాయి. అల్లుడు మిగిలిన దాణా మూటల వైపు చూశాడు. అవి ఎందుకు మిగిలాయో ఇప్పుడు తెలిసింది. పెద్దాయన తల వంచుకుని నిలబడ్డాడు. ఓడినట్టో గెలిచినట్టో ఆయనకే తెలియలేదు. మతి పోలేదు, అదొక్కటీ తెలిసింది.

"ఇటుకలవాళ్లకి అమ్మితే ఈ గంట ఎక్కడ కొనాలి?" అన్నాడు అల్లుడు తనలో తను. తర్వాత పైకి, "షెడ్డొద్దులే మావయ్యా. గోదాముకి వాలు వైపు తలుపు పెడదాం."

తలుపు పెట్టారు. మొదటి మధ్యాహ్నం పెద్దాయన తువ్వాలు పరిచి ఒరిగాడు. ఎండ రెప్పల మీద ఆడింది. లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి వచ్చాయి. కంగారుగా ఒక కన్ను తెరిచి చూశాడు. బురదగుంట పక్కన, పందుల మధ్య, అల్లుడు టోపీ ముఖం మీద పెట్టుకుని గురకపెడుతున్నాడు.

పెద్దాయన కన్ను మూసుకున్నాడు. లెక్క సరిచేయలేదు.