మేకల వెంట కొండ దిగిన సంగతి

ఆశమ్మా, ఆ ఫోను పక్కన పెట్టి ఇట్లా నా మోకాలి దగ్గరికి జరుగు. మీ మామ పెట్టిన ఫోటోలు చూసి కొండమీద ఎంత బాగుందో అంటున్నావు గదా. ఫోటోలో ఎండ కాల్చదు తల్లీ. అసలు జరిగింది నేను చెప్తాను, విను.

మన పావగడ ఎండ సామాన్యమైనదా? ఎక్కడెక్కడి కంపెనీలు వెతుక్కుంటూ వచ్చి, చేలల్లో సోలారు పలకలు పరిచి, కంచె వేసి మరీ పట్టుకుంటున్నాయి. అంత విలువైన సరుకు తన బిడ్డలకు దక్కకుండా పోతుందేమోనని మీ మామ కృష్ణకుమారుకు బెంగ పట్టుకుంది. ఆ సోలారు పార్కులో కాపలా కాస్తూ రోజూ తినే ఎండ చాలలేదు కాబోలు. బడికి సెలవులిచ్చారో లేదో, పిల్లలు ఫోను వదలడం లేదని, ట్రెక్కింగుకు తీసుకుపోతానన్నాడు, తన ఫోనులోంచి తల ఎత్తకుండానే.

"ట్రెక్కింగంటే ఏందిరా?" అన్నాను.

"కొండెక్కేదమ్మా."

"మీ నాయిన మేకల్ని తోలుకోని దినామూ ఎక్కినాడు గదరా. దానికింత పేరుండాదని పాపం ఆయనకు తెలీకపాయె."

కోడి కూసేవేళకే పోదామన్నాను. వింటేనా? పిల్లలు ఇడ్లీ తినాలి, మొహాలకు క్రీము పూయాలి, కొత్త బూట్లకు దారాలు కట్టాలి. ఇవన్నీ ముగిసేసరికి ఎండ కూడా ముస్తాబై వాకిట్లో నిలబడింది. పెద్దది ధనుశ్రీకి ఎనిమిదేళ్లు, చిన్నది రంజితకు ఐదు. ఊరి వెనకాల కొండే అయినా ఇద్దరికీ అదే మొదటిసారి. తండ్రి ఒక్కడికి అప్పజెప్పడానికి మనసొప్పక నేనూ కొంగు బిగించాను.

ఎక్కడమైతే ఎక్కాము. రంజిత కొంతదూరం నడిచింది, కొంతదూరం నా వీపున స్వారీ చేసింది. పైనుంచి చూస్తే కింద కనుచూపు మేరా నల్లగా నిగనిగలాడే పలకలే.

"అవ్వా, మన చేను యాడుండాది?" అంది ధనుశ్రీ.

"ఆ నలుపులోనే యాడో ఉండాదమ్మా. ముందు శెనక్కాయ పండుతాండె, ఇప్పుడు కరెంటు పండుతాంది. పెరికే పని లేదు, వలిచే పని లేదు."

ఇంతలో మీ మామకు వీరత్వం పుట్టుకొచ్చింది. ఫోను బండమీద నిలబెట్టి, నీళ్ల సీసా ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాడు. వీడియో సరిగా రాలేదట, రెండో సీసా కూడా పోసుకున్నాడు. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. నీళ్లే మళ్లీ రాలేదు.

"నాయినా, దప్పి" అంది రంజిత.

"దిగినాక తాగుదువులే కన్నా" అన్నాడు, జుట్టు పిండుకుంటూ.

ఎక్కి వచ్చిన దారంతా బోడిబండ. అప్పటికి పెనంలా కాలుతోంది. చిన్నది కాసేపు ఏడ్చింది. తర్వాత మానేసింది. ఏడ్చే పిల్లతో భయం లేదు ఆశమ్మా, ఏడుపు మానేసి తల వాల్చిన పిల్లను చూస్తేనే భయం. పెదవులు ఎండిపోయి, పిలిస్తే ఊఁ కూడా అనలేదు. మీ మామ ఫోను ఆకాశానికి చూపించి సిగ్నలు వెతికాడు. అదేదో నీళ్లిచ్చేటట్టు!

అప్పుడే పొదల్లోంచి మేకలు దిగుతున్నాయి. వెంట కాపరి లేడు. ముందున్న ముసలిమేక చెవికొన చూశాను. రెండు గాట్లు. మన ఇంటి గుర్తు! పుట్టిన ప్రతి మేకపిల్లకూ మీ తాత చేత్తో పెట్టిన గాటు. చేలు సోలారుకిచ్చి, మేపు లేక అమ్మేసుకున్న మేకలవి.

"ఒరే, ఇవి మనవే! ఎండెక్కితే మేక నీళ్లకు దిగుతాది. పుట్టిల్లు మరవదు. మన తొట్టికే పోతాది, పాండి!"

"నాకు చెప్తావేందమ్మా, నేను మేకలోళ్ల కొడుకును గాదా!" అని మీ మామ రంజితను భుజానికెత్తుకున్నాడు. అంతవరకూ ఆ సంగతి వాడికి గుర్తున్నట్టు లేదు.

పొదల నీడన దిగాము. కొంచెం దూరంలో కోడికూత, మనుషుల మాట. హమ్మయ్య అనుకుని చూస్తే అది మన ఊరే కాదు, కొండకు అవతలి ఊరు. మేకలు నేరుగా వాటిని కొనుక్కున్న కాటమ్మ దొడ్లోకి దూరి, తొట్టిలో మూతులు పెట్టాయి. వాటి వెనకాలే మేమూ, మందలాగా.

కాటమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఏమ్ నరసక్కా, అప్పుడు మేకల్ని తోలిస్తివి, ఇప్పుడు మనుషుల్ని గూడా తోలుకొచ్చినావా? వీళ్లను నేను కొనలేనక్కా!"

అంటూనే రంజితను నా వొళ్లో పడుకోబెట్టి, తడిగుడ్డ నెత్తిన వేసి, ఉప్పేసిన మజ్జిగ గుక్క గుక్కగా పట్టింది. నాలుగు గుక్కలకు కళ్లు తెరిచింది. ఇంకో రెండు గుక్కలకు నోరు తెరిచి, ఊరు లేచిపోయేలా ఏడ్చింది. నా జన్మలో అంత కమ్మటి సంగీతం వినలేదు.

"సూపర్ ట్రెక్కింగ్ గదమ్మా!" అన్నాడు మీ మామ, తొట్టి పక్కన పిల్లలను నిలబెట్టి ఫోటో తీస్తూ. రెండో చేత్తో రంజిత చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆశమ్మా, ఆ ఫోటో కింద మీ మామ ఏం రాశాడో నాకు చదవరాదు. నువ్వు ఊరికి పోయాక మీ అమ్మకు ఇది మాత్రం మరవకుండా చెప్పు. మేకలు దారి తప్పాయని చెప్పకు. అవి వాటింటికే పోయాయి, అది మన ఇల్లనుకున్నది మనమే. కాటమ్మ మజ్జిగ సంగతి మాత్రం రెండుసార్లు చెప్పు.