కత్తెరమ్మ దగ్గర చైనీస్

నాకు చైనీస్ నేర్పింది ఏ పంతులూ కాదు. ఈ దేశంకాని దేశంలో నేను పనిచేసే టైలరింగ్ షాపులో కుట్టుమిషను మీద కూర్చునే కత్తెరమ్మ. ఆ పేరు నేను పెట్టిందే. డెబ్బై ఏళ్ళ చైనా మనిషి, గుప్పెడంత ఉంటుంది, నోరు మాత్రం కత్తెరకన్నా పదును. నాది ఇస్త్రీ బల్ల. ఆవిడ మిషనుకీ నా బల్లకీ మధ్య రెండడుగులు. ఓనరమ్మ మా తెలుగావిడే గానీ, పొద్దస్తమానం ముందు గదిలో కస్టమర్లతోనే సరిపోతుంది.

మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. సాయంత్రం గది తాళం తీస్తే నన్ను అడిగేవాళ్ళు లేరు, నేను అడగడానికీ ఎవరూ లేరు. ఒక సోమవారం పొద్దున ఓనరమ్మని పలకరించబోతే గొంతు పెగల్లేదు. "జలుబా బాబాయ్?" అంది. కాదమ్మా, శనివారం నుంచి వాడలేదు అని చెప్పడానికి సిగ్గేసింది. రెండడుగుల దూరంలో ఒక మనిషిని పెట్టుకుని మాట లేకపోవడం ఏం ఖర్మ అని, యాభై ఎనిమిదో ఏట ఆ భాష మొదలుపెట్టాను.

పలకా బలపం లేవు. గుండీ చూపిస్తే గుండీ, కాలరు చూపిస్తే కాలరు. వాళ్ళ భాషలో మాట పలికితే చాలదు, దాన్ని ఎక్కించాలో దించాలో కూడా తెలియాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. తప్పితే కొలతల టేపుతో మోచేతి మీద ఒక్కటేసి "మొద్దూ!" అనేది. మూడేళ్ళలో నా పేరు అదే అయిపోయింది. పొద్దున్నే రాగానే "తిన్నావా?" అని అడిగేది. అది పలకరింపని ఇంకెవరికైనా చెప్పాలేమో గానీ నాకు చెప్పనక్కర్లేదు. మా అమ్మా అంతే.

రెండో నెలలో ఒకరోజు ఆవిడ దారపు ఉండ అందిస్తే "షియెషియె" అన్నాను, థాంక్స్ అని. టేపు గట్టిగా తగిలింది.

"నేనేమన్నా ఎదురు కొట్లో దాన్నా? ఆ మాట బయటివాళ్ళకి చెప్పుకో. అయినవాళ్ళకి చెబితే దూరం పెట్టినట్టు," అంది, సగం మాటలతో సగం సైగలతో.

నవ్వొచ్చింది. మా ఇంట్లో మాత్రం ఎవరు ఎవరికి చెప్పారు? మా ఆవిడ ఇరవై ఏడేళ్ళు అన్నం పెట్టింది, ఒక్కసారన్నా ఆ మాట నా నోట వినలేదు. ఆ రోజు నుంచి కత్తెరమ్మ తన డబ్బాలోది సగం నా డబ్బాలో వేస్తే కిమ్మనకుండా తినేవాణ్ణి.

ఈ మధ్య ఆవిడకి చూపు మందగించింది. సూదిలో దారం నాచేతే ఎక్కించుకునేది. చివరికి, శనివారంతో పని మానేసి ఊరికి అటు చివరన ఉన్న కూతురింటికి వెళ్ళిపోతున్నానంది. ఇక నాకు సోమవారాలు కూడా మాటలేని ఆదివారాలే.

నన్ను మర్చిపోకు, అప్పుడప్పుడు మీ ఇంటికి రానివ్వు. నేను అడగాలనుకున్నది ఇంతే. కానీ ఇంత మాటకి గుండీలూ కాలర్ల చైనీస్ సరిపోదనుకున్నాను. సంభాషణల పుస్తకం ఒకటి కొని, వీడ్కోలు పాఠాన్ని వారం రోజులు ఇస్త్రీ చేస్తూనే బట్టీ పట్టాను.

శనివారం సాయంత్రం ఆవిడ మిషను మీద గుడ్డ కప్పుతుంటే ఎదురుగా నిలబడి అప్పజెప్పాను.

"మాన్యులైన మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. తమరు చేసిన అమూల్యమైన సహాయానికి ధన్యవాదాలు. తమకు కలిగించిన శ్రమకు మన్నించండి."

ఒక్క తప్పూ దొర్లలేదు. ఎక్కించాల్సింది ఎక్కింది, దించాల్సింది దిగింది. ఆవిడ కొద్దిగా తల వంచి, "మీకు కూడా ధన్యవాదాలు, అయ్యగారూ" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ అయ్యగారు ఎవరో అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది. అడగాలనుకున్నది అడగనే లేదు. పాఠంలో అది లేదు.

సోమవారం ఓనరమ్మ నా మీద విరుచుకుపడింది.

"ఏమన్నావు బాబాయ్ ఆవిడని?"

"థాంక్స్ చెప్పానమ్మా."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? ప్రతి ఆదివారం నిన్ను భోజనానికి పిలవాలని కూతురికి కూడా చెప్పి పెట్టుకుందట. ఇప్పుడేమో ఫోన్ చేస్తే 'వద్దులే, నన్ను పరాయిదాన్ని చేసి పంపాడు' అంటోంది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అడ్రసు రాయించుకుని ఆదివారం బస్సెక్కాను. దారిలో చైనీస్‌లో క్షమాపణ కూర్చుకోబోయి, మళ్ళీ పుస్తకమేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కూతురు తలుపు తీసి సోఫాలో కూర్చోబెట్టింది. కత్తెరమ్మ వచ్చి, "బాగున్నారా?" అంది. తిన్నావా అని అడగలేదు. లోపలికెళ్ళి పువ్వుల కప్పులో టీ పోసి తెచ్చి, రెండు చేతులా అందించింది, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు. షియెషియె అనే ఆ పాడుమాట నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళు నేర్చుకున్న దాంట్లో ఆ క్షణాన అదొక్కటే గుర్తుంది. పళ్ళు బిగబట్టి, సలసల కాగుతున్న టీని గటగటా తాగేశాను. నోరంతా కాలింది. ఖాళీ కప్పు ఒంటి చేత్తో ఆవిడ ముందుకి చాపాను.

"ఇంకొంచెం పొయ్యి," అన్నాను, అమ్మని అడిగినట్టు. పలుకు దారుణంగా తప్పిందని నాకే తెలిసింది.

కూతురు నోరు తెరుచుకుని చూసింది. కత్తెరమ్మ కప్పు అందుకోలేదు. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళ్తే ఆ గదికే వెళ్ళాలి. భయమేసింది.

"కాళ్ళు లేవూ?" అంది చివరికి. "కెటిల్ లోపలుంది. నాకూ పోసుకురా."

లేచాను. వంటిల్లు ఎటువైపో ఎవరూ చూపించలేదు. నేనే వెతుక్కున్నాను.